ఆకాశానికి వెళ్ళని గొట్టం

నేను ఒక గాజు గొట్టాన్ని. ఒకే పోతలో పుట్టిన వాళ్ళం ముగ్గురం. పెద్దది అంతరిక్షానికి వెళ్ళింది. మేమిద్దరం హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో నేల మీదే ఉండిపోయాం.

మా ముగ్గురి కడుపులోనూ ఒకే క్రిమి, సాల్మొనెల్లా. తిండితో లోపలికి పోయి పేగుల్ని పట్టుకునే రకం. రోదసిలో అది ఇంకా క్రూరంగా మారుతుందా అన్నది డాక్టర్ హైమవతి ప్రశ్న. నెలల తరబడి పైన ఉండబోయే మనుషులకు ఆ జబ్బు చేస్తే దిక్కెవరు? రాకెట్‌లో ఇంత చోటు కోసం ఆమె ఎనిమిదేళ్ళు ఎదురుచూసింది.

పోల్చడానికి మేం కావాలి. అక్కడ ఏది ఎలా జరిగితే ఇక్కడా అలాగే జరగాలి. బరువు లేకపోవడం ఒక్కటే తేడా. తోడికోడళ్ళను పోల్చే అత్తగార్లు ఇంత న్యాయం పాటించగా నేను వినలేదు.

ప్రయాణం రోజు టెక్నీషియన్ యాదగిరి పెద్దదాని పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టాడు. హైమవతి కళ్ళజోడు సర్దుకుంది.

"దానికి పెట్టారుగా. ఇక వీటికీ పెట్టండి, యాదగిరి గారూ. లేకపోతే అదొక తేడా."

పైనుంచి వచ్చే కబురు గోడ మీది చీటీలో చూసుకుంటూ, రెండు రోజులు వెనకగా మమ్మల్ని నడిపేవారు. మూడో రోజు మా చివరనున్న పిడి తిప్పితే క్రిములకు కొత్త తిండి అందాలి. అనుకున్న వేళ ఉదయం తొమ్మిది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో యాదగిరికి ఆలస్యం తెలియదు. తొమ్మిదికి నా పిడి తిప్పాడు. రెండోదాని మీద చెయ్యి వేస్తూ గోడ మీది చీటీ చూశాడు. పైన పెద్దదాన్ని చూసుకునే వ్యోమగామి వేరే పనిలో పడి మధ్యాహ్నం రెండింటికి తిప్పాడట.

గదిలో ఎవరూ లేరు. రిజిస్టరులో రెండు గంటలని రాస్తే అడిగేవాళ్ళూ లేరు. యాదగిరి కాసేపు కలం పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిది అని రాసి, హైమవతి దగ్గరికి వెళ్ళాడు.

"మేడం, నేను టైముకే తిప్పిన. అదే తప్పయింది."

"రెండూనా?"

"ఒక్కటే. రెండోదాని మీద చెయ్యి పెట్టంగనే చీటీ కనబడ్డది."

ఆమె రిజిస్టరు తెప్పించుకుంది. ఎనిమిదేళ్ళ నిరీక్షణకు ఇక ఒక్క గొట్టమే ఆధారం.

"వేళకు తిన్నదాన్ని పస్తున్నదానితో పోల్చలేం," అని నా నంబరు మీద ఎర్ర గీత గీసింది.

రెండు వైపుల క్రిముల్నీ ఎలుకలకు తినిపించాక ఫలితం తేలింది. రోదసికి వెళ్ళొచ్చిన క్రిములు కొద్దిపాటివే ఎలుకల్ని చంపగలిగాయి. నేల మీది వాటికి ఆ పనికి మంద కావలసి వచ్చింది. ఎలుకలు రెండు వైపులా చచ్చాయి. వాటికి ఎవరూ బొట్టు పెట్టలేదు.

ఫలితాలు పరిశీలించే పెద్దల సభలో, ఇటువైపు ఒక్క గొట్టాన్ని ఎలా నమ్మమంటారని అడిగారట. హైమవతి రిజిస్టరులో ఆ పేజీ తీసి ముందు పెట్టింది. తొమ్మిది, ఎర్ర గీత, యాదగిరి సంతకం. చదివిన పెద్దాయన పుస్తకం మూసి, మళ్ళీ పంపుదాం, ఈసారి ఇటు ఆరు, అటు ఆరు అన్నాడట.

పెద్దదిప్పుడు అద్దాల బీరువాలో ఉంది, నెత్తిన చిన్న దీపంతో. రెండోది చల్లని అరలో భద్రంగా ఉంది. నన్ను, నాలోని క్రిములు చచ్చేలా, ఆవిరి యంత్రంలో పెట్టారు. మూత వేయడానికి యాదగిరే వచ్చాడు. ముందు గోడ మీది చీటీ చదివాడు. ఆ తర్వాతే గడియారం చూశాడు.