పొద్దు చెప్పే ఇనుము

పొద్దు వాలుతోంది. పైన ఆకాశం, కింద మిరపకాయలు — రెండూ ఒకటే ఎరుపు. గాలి నిండా ఘాటు. ఆ ఎరుపు మధ్య వంగిన వీపులు.

టంగ్...

పాలెంలో ఇనుము మోగింది.

వీపులు లేచాయి.

గట్టు మీద ఆసామి నిలబడి చూస్తున్నా సరే, ఒడిలోని కాయలు గోతంలో పోసి ఆడవాళ్ళు దారి పట్టారు.

ఒకప్పుడు ఇట్లా లేదు. కాయ కంటికి కనబడినంతసేపూ కొయ్యాలి. వెన్నెల ఉంటే వెన్నెల్లోనూ కొయ్యాలి. పొద్దు గూకిందో లేదో ఆసామి చెప్పాలి — సూర్యుడు కూడా ఆయన జీతగాడే అన్నట్టు! ఒక కోతల కాలంలో పాలెం కూలి ఆదెమ్మకు కడుపు మండింది. ప్రార్థన మందిరం ముందు రెండు నాపరాతి స్తంభాల మధ్య వేలాడే ఇనుప గొట్టాన్ని గడ్డపలుగుతో బాదింది. ఆదివారం మోగే గంట పనిరోజు మోగింది. చేనంతా లేచి వచ్చింది. ఆసామి కూలికి పిలవడం మానేశాడు. కాయ చేలోనే ఎండి రాలింది. చివరికి ఆయనే దిగొచ్చాడు.

అప్పటి నుంచి పొద్దు ఆదెమ్మది.

ఆ ఆసామి త్రికోటేశ్వరరావు. ఆయన కారు తోలేది ఆదెమ్మ మేనల్లుడు ఇశ్రాయేలు. పాలెంలో పుట్టి స్టీరింగు పట్టిన మొదటివాడు.

ఆ కారు ఇప్పుడు కదలదు.

యుద్ధానికి ముందటి సీమకారు. వాగు ఇసుకలో కూరుకుపోతే, ఎడ్లను తోలుకొస్తానన్నాడు ఇశ్రాయేలు. తొక్కు, అన్నాడు ఆసామి. తొక్కాడు. కారు కడుపు కింద ఏదో విరిగింది. గేరుబాక్సు తిప్పుడుని వెనక చక్రాల దాకా మోసుకుపోయే జాయింటు షాఫ్టు — పిండిన తువ్వాలులా మెలిదిరిగి చీలిపోయింది.

తొక్కమన్నవాడి తప్పు కాదట. తొక్కినవాడిదట. కోటప్పకొండ తిరునాళ్ళకి కారు కదలకపోతే గుంటూరు నుంచి ఇంకో డ్రైవరు వస్తాడు. ఇశ్రాయేలు మళ్ళీ చేలో వంగాలి.

వెతికాడు.

మాచర్లలో వెతికాడు. బెజవాడ పాత ఇనుము కొట్లలో వెతికాడు. డ్యాం కడుతున్నచోట, విజయపురి యార్డులో, తుప్పు పట్టిన మిలిటరీ బళ్ళ కింద పాకి వెతికాడు. షాఫ్టులు ఉన్నాయి. ఒకటి జానెడు ఎక్కువ. ఒకటి పొడుగు సరిపోయింది — పళ్ళు గేరుబాక్సులో కూర్చోవు. ఒకటి పళ్ళు కూర్చున్నాయి — చివరి చెవులు వెడల్పు.

తెచ్చిన ప్రతి షాఫ్టునీ నరసరావుపేట మెకానిక్కు అబ్దుల్ జబ్బార్ తాడుకి వేలాడదీసి స్పానరుతో తట్టేవాడు. పగులుంటే బొంగురు. బాగుంటే పాట. చివరికి విసిగి స్పానరు పడేశాడు.

"ఈ కారుకి తోబుట్టువు ఏడన్నా ఉందేమో ఎతుక్కో ఇశ్రాయేలూ. లేదంటే ఎడ్లు కట్టుకోమను మీ అయ్యని."

ఇశ్రాయేలు బస్సు దిగాడు. పాలెం దారి. పొద్దు వాలుతోంది.

టంగ్...

కాళ్ళు ఆగిపోయాయి.

పాట.

ఏళ్ళుగా మోగుతున్న ఇనుమే... ఇవాళ వినబడింది.

యుద్ధం ముగిసిన ఏడు మిషను దొర కారు, ఆసామి కారు రకమే, కొండదారిలో చచ్చిపోతే, ఎవరికి పనికొచ్చింది వాళ్ళు ఊడదీసుకుపోయారు. దాని షాఫ్టు గొట్టం ఎవరికీ అక్కర్లేకపోయింది. గంట కొనలేని పాలెం దాన్ని తెచ్చి వేలాడదీసింది.

షాఫ్టు పొడుగు గుర్తుకి తువ్వాలుకి వేసుకున్న ముడితో కొలిచాడు. సరిపోయింది. మట్టి గోకి పళ్ళు తడిమాడు. అవే. ఆదెమ్మ దెబ్బలన్నీ మొద్దు చెవి మీదే పడ్డాయి, గొట్టానికి సొట్ట కూడా లేదు.

దొరికింది.

దొరక్కపోయినా బాగుండు... అనుకుంటూ స్తంభం మొదట్లో కూలబడ్డాడు. విప్పితే బతుకు తెరువు. విప్పితే — పొద్దు మళ్ళీ ఆసామి గుప్పిట్లోకి.

ఆదెమ్మ గడ్డపలుగు పట్టుకునే విన్నది. విరిగిన షాఫ్టు తెచ్చి ఇక్కడ కడతానన్నాడు. చీలిన ఇనుము పలకదని ఆమెకూ తెలుసు. గడ్డపలుగుని స్తంభానికి ఆనించింది.

"ప్రార్థనకి పిలవటానికి నా గొంతు చాలు. చేల దాకా అయితే రాదు." ఆగి, అడిగింది. "నీ కారుకి హారన్ ఉంది గదరా?"

"ఉంది అత్తా."

"అయితే తీసకపో. పొద్దు గూకేటప్పుడు చేల కాడికొచ్చి నువ్వే కొట్టు. ఆడోళ్ళకి నేను చెప్తా. కొట్టని రోజు నేనే కారు కింద దూరి నా ఇనుము ఊడబీక్కుంటా."

"లోపల అయ్య ఉంటే?"

"ఉంటే ఏంది? ఆయన్నీ ఇననియ్."

జబ్బార్ షాఫ్టు బిగించాడు. పళ్ళు పళ్ళలోకి మెత్తగా జారాయి. కారు కదిలింది. ఎక్కడ దొరికిందని ఆసామి అడగలేదు. కదిలింది కదా — అంతే ఆయనకు.

తిరునాళ్ళ నుంచి తిరిగి వస్తున్నారు. వెనక సీట్లో ఆసామి. ముందు ఖాళీ రోడ్డు. పక్కన చేను... చేలో వీపులు.

పొద్దు అంచుని తాకింది.

పాలెం మోగలేదు. ఒకామె వంగినచోటే అలవాటుగా తల తిప్పి పాలెం వైపు చూసింది. మళ్ళీ కాయ మీదికి వంగింది.

ఇశ్రాయేలు అరచెయ్యి హారన్ మీదికి వెళ్ళింది. కాళ్ళ కింద షాఫ్టు తిరుగుతోంది — చప్పుడు లేకుండా.

నొక్కాడు.

పాం......

వీపులు లేచాయి.

ఆసామి ముందుకి వంగాడు. "రోడ్డు మీద ఒక్కడూ లేడు. ఎవరికి కొట్టావురా?"

ఇశ్రాయేలు గట్టు వైపు చూపించాడు.

"వస్తన్నారయ్యా."

ఒక్కొక్కరే గట్టెక్కుతున్నారు. రోడ్డు నిండుతోంది. కారు ఆగింది. ఆసామి చూపు ముందు అద్దంలోకి మళ్ళింది.

పొద్దు సగం దిగింది. మిగిలిన సగం — కాయల మీద, ఆడవాళ్ళ ముఖాల మీద, అద్దంలో కదలని ఆ రెండు కళ్ళ మీద —

ఎర్రగా...