నాలుక లేని నోరు

పన్నెండో హెడ్‌సెట్టు అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, పట్టీకి పట్టిన చెమట వాసన పోయేదాకా స్పిరిట్ రాసి కొక్కేనికి తగిలించాడు పేషెంటు బాబాయ్. పళ్ళ డాక్టర్ల కాలేజీలో అటెండరు. ఆ పేరు ఊరికే రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏ కొత్త బ్యాచ్ వచ్చినా, బతికున్న మనిషి నోట్లో మొదటిసారి అద్దం పెట్టి చూసింది ఈయన నోట్లోనే. కుర్చీలో వెనక్కి వాలి "భయపడకమ్మా, నేను కరవను" అనేవాడు. చేతులు వణికే పిల్లలు నవ్వేసేవాళ్ళు. పళ్ళు లెక్కపెట్టి, బుగ్గలు లాగి చూసి, చివర్న "నాలుక పైకెత్తండి బాబాయ్" అనేవాళ్ళు. ఏటా నలభై మంది చూసే నోరు! మహారాజులకైనా అంత వైభోగం ఉంటుందా?

కిందటేడు ఈ యంత్రాలొచ్చాయి. కళ్ళకు డబ్బా తగిలించుకుంటే ఎదురుగా గాల్లో ఒక నోరు తెరుచుకుంటుంది. పెన్నులాంటిది పట్టుకుని తొలిస్తే పన్ను అరిగినట్టు చేతికి తెలుస్తుంది. ఎంత లోతుకు పోయినా ఆ నోరు అబ్బా అనదు, మార్కులు తగ్గుతాయంతే. ఇక బాబాయ్ నోటితో ఎవరికి పని? తుడిచే పనిలో పెట్టారు. ఎవరూ లేనప్పుడు తనూ ఒకసారి పెట్టుకుని చూశాడు. చక్కటి పళ్ళు, గులాబీరంగు చిగుళ్ళు. నాలుక మాత్రం లేదు. పళ్ళ పాఠానికి నాలుకెందుకని పెట్టలేదట. "అదృష్టవంతుడు, పెళ్ళానికి ఎదురు చెప్పే పనిలేదు" అని నవ్వుకున్నాడు.

నవ్వితే నాలుక కింద మండింది. మూడు నెలలుగా అక్కడొక పుండు, మానడం లేదు. అలాంటి పుండు బొమ్మే పెద్ద మెట్ల దగ్గర గోడమీద ఉంది, కింద క్యాన్సర్ అని రాసి. అందుకే మూడు నెలలుగా ఆయన వెనక మెట్లెక్కి వస్తున్నాడు.

పొద్దున కంచం పక్కకు జరిపితే భార్య ఊరుకోలేదు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మీకు తోటకు తోటే ఉందాయె! ఇవాళ ఎవరికో ఒకరికి చూపించుకోకుండా ఇంటికి రాకండి."

పెద్ద డాక్టర్లను అడగడానికి మొహమాటం. మొహమాటమేమిటి, భయం.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఒక అమ్మాయి మిగిలింది. డబ్బా తీసి "తొంభై నాలుగు మార్కులు బాబాయ్!" అంది సంబరంగా. ఆయన బీరువాలోంచి పాత స్టీలు అద్దం తీశాడు. సన్నటి కాడకు రూపాయి బిళ్ళంత అద్దం. మరిగే నీళ్ళలో వేసి తీసి ఆమెకిచ్చాడు.

"ఒక్కసారి నా నోరు చూస్తావా తల్లీ? ఊరికే, పాత అలవాటు."

"అమ్మో, నిజం నోరే!"

గ్లవ్స్ తొడుక్కుని శ్రద్ధగా చూసింది. ఒక్కో పన్నూ తట్టి లెక్కపెట్టింది.  చివర్న ఆ ఒక్క మాట అంటుందని బాబాయ్ నాలుకను సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ముప్ఫై పళ్ళు. కుడివైపు కింద ఒకటి కాస్త అరిగింది. బంగారంలాంటి నోరు బాబాయ్!"

"అంతేనా తల్లీ?"

"అంతే!"

తనంతట తాను నాలుక ఎత్తి చూపించొచ్చు. చూపించలేదు. ముప్ఫై ఏళ్ళూ చూసేవాళ్ళు చెబితేనే ఎత్తాడు. ఏమైనా ఉంటే ఎత్తమని అడిగేదే కదా అనుకున్నాడు పిచ్చిమనిషి. పెద్ద బరువు దిగిపోయినట్టు ఇంటికెళ్ళి, "చూపించుకున్నానే. బంగారంలాంటి నోరట" అన్నాడు. మర్నాటి నుంచి పెద్ద మెట్లే ఎక్కాడు.

నాలుగు నెలలకు నెత్తురు పడింది. ఆసుపత్రిలో "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని కసిరారు. ఆ తర్వాత ఆరు వారాలు కూడా బతకలేదు.

భార్య ఆయన సామాను కోసం కాలేజీకొచ్చింది. చెప్పులు, క్యారేజీ, ఒక స్వెట్టరు. సంచి సర్దుకుంటూ, అక్కడున్న తొంభై నాలుగు మార్కుల అమ్మాయినే అడిగింది. "మా ఆయన నోరు చూసిన డాక్టరమ్మ ఎవరమ్మా? దణ్ణం పెట్టుకుందామని. ఆవిడ మాటతో నాలుగు నెలలు నిశ్చింతగా తిన్నారు, నిద్రపోయారు."

అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె చేతిలో హెడ్‌సెట్టు ఉంది. ఎదుటి మనిషి చేతులు జోడించే నిలబడింది.

పాత స్టీలు అద్దాన్ని మాత్రం కాలేజీదని ఆఫీసువాళ్ళు సంచిలో వేయనివ్వలేదు. పన్నెండు హెడ్‌సెట్ల పక్కన, పదమూడో కొక్కేనికి, పిల్లల వేళ్ళు పట్టీ పట్టీ నునుపుదేరిన ఆ సన్నటి స్టీలు కాడ అలాగే వేలాడుతోంది.