మరకలమ్మ సున్నాలు

మేనత్త పరువు కాపాడాలని రబ్బరుముక్క పట్టుకుని కూర్చుంది మేనకోడలు. పరువు కాపాడటమంటే చెరపటమేనని ఆమెకు ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి!

ఆ మేనత్త సామాన్యురాలా? మొలకెత్తే గింజ తన బలాన్ని ఏ రూపంలో దాచుకుంటుందో మొట్టమొదట తేల్చిన జీవరసాయన శాస్త్రవేత్త. ప్రయోగశాలలో అందరూ ఆమెను మరకలమ్మ అనేవారు. ఎంత రుద్దినా ఆమె వేళ్ళ కొసలకు ఊదారంగు వదిలేది కాదు మరి. ఆ వేళ్ళతోనే తల్లిలేని ఈ పిల్లకు జడలు వేసింది, ముద్దలు కలిపి పెట్టింది. ఇంట్లో చూసేవాళ్ళు లేక ప్రయోగశాలకే వెంటబెట్టుకుని వెళ్ళేది. అల్లరి చెయ్యకుండా చేతికో పెన్సిలుముక్క ఇచ్చేది. పిల్ల ఊరుకుంటుందా? ఆరిన పెద్ద పెద్ద కాగితాలు బల్ల మీద కనిపిస్తే చాలు, కళ్ళూ ముక్కూ నోరూ ఉన్న మొహాలు గీసి పారేసేది.

ఆ పిల్లకి ఇప్పుడు తల నెరిసింది. కానీ ఒక్క దిగులు మాత్రం అలాగే ఉండిపోయింది. 'నేను మెడకు చుట్టుకోకపోతే అత్తయ్య ఇంకెంత ఎత్తుకు వెళ్ళేదో!'

మేనత్త పోయాక ఆమె కాగితాలను భద్రపరుస్తామని పాత పత్రాల కార్యాలయం వాళ్ళు ముందుకొచ్చారు. వాళ్ళ అధికారిణి ఇవాళ వచ్చి, పనికొచ్చేవి చూసుకుని పట్టుకెళ్తుంది. తీరా పెట్టెలు తెరిస్తే ఏముంది? ఆ మొహాల కాగితాలే కట్టలుగా బయటపడ్డాయి. ఇవి చూస్తే పిల్లల పిచ్చిగీతలు అంటగడుతున్నారని పెట్టెలన్నీ వదిలేసి పోరూ? ఆమెకు కంగారు పుట్టింది. ఒక కాగితం మీది గీతలన్నీ శుభ్రంగా చెరిపి, రెండోది ముందు వేసుకుంది.

సరిగ్గా అప్పుడే మేనత్త దగ్గర పనిచేసిన పెద్దశిష్యుడు అధికారిణిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. బల్ల మీద రబ్బరు పొట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నావు చెల్లాయ్?"

"నా చిన్నప్పటి వెర్రిగీతలు అన్నయ్యా. తుడిచేస్తున్నా."

"ఓరి నాయనో! ఆపు తల్లీ, ఆపు! కళ్ళూ ముక్కులూ నీవి. చుట్టూ ఉన్న సున్నాలు అత్తయ్యవి!"

ఆమెకు అర్థం కాలేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "గింజల రసం ఒక చుక్క కాగితం మీద పెట్టి, అంచును ద్రావకంలో ముంచేవాళ్ళం. రసంలో ఉన్నవన్నీ విడివిడిగా పైకి పాకేవి. మందు చల్లి వేడిచేస్తే ఒక్కొక్కటీ ఊదా మరకగా తేలేది. ఆ మరక నాలుగు రోజులకు వెలిసిపోతుంది. అందుకని ఉండగానే దాని చుట్టూ పెన్సిలుతో గీసేది అత్తయ్య. మరకలు ఎప్పుడో పోయాయి. ఆవిడ కనిపెట్టినదానికి ఇప్పుడు సాక్ష్యం ఆ సున్నాలే."

ఆమె రబ్బరును బల్ల మీద పడేసింది. పెంచి పెద్దచేసిన మనిషి కష్టాన్ని తన చేత్తోనే తుడిచేసింది! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

అధికారిణి చెరిపిన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంది. "ఇలా రండమ్మా, చూడండి. మీ అత్తయ్యగారిది గట్టి చెయ్యి. రబ్బరు నలుపుని తీసింది గానీ నొక్కుని తియ్యలేకపోయింది."

నిజమే. సున్నాలన్నీ సన్నటి నొక్కులుగా కనిపిస్తున్నాయి. పక్క నుంచి దీపం వేసి ఫోటో తీస్తే సరిపోతుందట. "చల్లగా ఉండమ్మా, నా ప్రాణం నిలబెట్టావు" అంటూ మేనకోడలు ఆమె చేతులు పట్టుకుంది. అంతలోనే మళ్ళీ రబ్బరు అందుకుంది. బుద్ధి ఎక్కడికి పోతుంది! "పోనీ మిగతా వాటిలో నా మొహాలైనా తీసేయనా?"

పెద్దశిష్యుడు ఆ రబ్బరు లాక్కున్నాడు. "అత్తయ్యే చెరపలేదు, నువ్వెవరమ్మా చెరపటానికి? పెద్ద పెద్ద శాస్త్రవేత్తల సభకు ఈ కాగితాలనే పట్టుకెళ్ళింది. 'ఆ మొహాలు తీసేద్దాం మేడమ్, నవ్వుతారు' అని నేను బతిమాలాను. 'నవ్వనీ. పిల్ల బల్ల దగ్గర ఉంటేనే నాకు ఇంటి మీద ధ్యాస పోకుండా పని సాగింది. తను లేకపోతే ఈ కాగితాలే లేవు' అంది."

మేనకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళ దిగులూ ఏడుపై వచ్చేసింది. వాళ్ళిద్దరూ ఆమెను ఏడవనిచ్చారు.

అధికారిణి కాగితాలను పెట్టెలో సర్ది, మూత మీద అంటించే చీటీ రాసి ఆమె చేతికిచ్చింది. "సరిగ్గా ఉందేమో చూడండమ్మా."

'వలయాలు: శాస్త్రవేత్త గీసినవి. కళ్ళు, ముక్కులు, నోళ్ళు: ఆమె పెంచిన మేనకోడలు గీసినవి.'

చదివి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదివింది.

"సరిగ్గానే ఉందమ్మా" అంది. తర్వాత పెట్టె మూత మీద చెయ్యి వేసి, "నన్నూ నీతోపాటే దాచుకున్నావా అత్తయ్యా" అంది.