స్పీకర్లో లోకేశ్వరి

మేడ మీద వంటింట్లో లోకేశ్వరి రాగిసంగటి కెలుకుతోంది. కింద గదిలో ఇంగ్లీషు చెబుతున్నదీ లోకేశ్వరే. “ఐ క్లీన్ ది రూమ్” అని ఆ గొంతు అనగానే ఆడవాళ్ళంతా అదే మాట అంటున్నారు. “షీ” అని అందించగానే “షీ క్లీన్స్ ది రూమ్” అని మార్చి చెబుతున్నారు. ఒకే మనిషి రెండు చోట్ల ఉండటం దేవుళ్ళకే చెల్లుతుందంటారు. ఈమెకు ఆ మహిమ మొగుడు ధనశేఖర్ ప్రసాదించాడు, ఆమె పాఠాన్ని ఫోన్లో రికార్డు చేసి స్పీకర్లో పెట్టి.

చంద్రగిరి రోడ్డులో కింద అతని స్పోకెన్ ఇంగ్లీష్ సెంటరు, పైన కాపురం. లాడ్జి గదులు ఊడ్చేవాళ్ళు, టిఫిన్ బండ్లవాళ్ళు, ఏబీసీడీలు కూడా సరిగా రానివాళ్ళు చేరే మధ్యాహ్నం బ్యాచ్ మొదటినుంచీ లోకేశ్వరిదే. ఒక్క వాక్యం పట్టుకుని, అందులో ఒక్కో మాటా మారుస్తూ, నోరు తిరిగేదాకా వాళ్ళ చేత అనిపించడం ఆమె పద్ధతి. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటి మనిషికి జీతమేంటి, అన్నం వడ్డించినందుకు ఇస్తారా?

పోయిన నెల సెంటర్లో కొత్త టీచరుగా మహిత చేరింది. ఆటలతో ఇంగ్లీషు నేర్పుతుందట. ఆమె క్లాసులో ఒకరు హోటలు మేనేజరు, ఇంకొకరు దర్శనానికి కొండకొచ్చిన యాత్రికుడు, ఇక నవ్వులే నవ్వులు. ఆ నవ్వులు మేడ మీదికి వినిపించేవి. తన క్లాసులో వాళ్ళు ఎన్నడైనా అంతగా నవ్వారా అని ఎంత వెతుక్కున్నా లోకేశ్వరికి ఒక్క రోజూ తగల్లేదు. మహిత స్కూటీ చూస్తే అసూయ, ఇస్త్రీ నలగని చుడీదారు చూస్తే అసూయ. ఆమె రాగానే ధనశేఖర్ లేచి కుర్చీ జరపడం చూస్తే మరీ అసూయ. ఇన్నేళ్ళ కాపురంలో తనకోసం ఆ కుర్చీ కదిలిన పాపాన పోలేదు.

క్లాసుకు రాని రోజు వాళ్ళు ఇంట్లో విని నేర్చుకుంటారు, ఫోన్లో రికార్డు చేస్తాను, పాఠం చెప్పమని ధనశేఖర్ అడిగితే, పిచ్చిమొహం, తన పద్ధతికి ఇన్నాళ్ళకు విలువొచ్చిందని మురిసిపోయింది. వాళ్ళు పలకడానికి మధ్యమధ్య ఖాళీ వదిలి, ప్రతి ఖాళీ తర్వాతా “వెరీ గుడ్, నెక్స్ట్” అని మెచ్చుకోలు కూడా చేర్చింది. రికార్డింగు అయ్యాక ఆమెను కిందికి రావద్దన్నాడు.

“చెప్పిందే చెప్పేదానికి మనిషెందుకు? ఫోను చాలు. పక్కన మహిత కూర్చుంటాది. నువ్వు అమ్మను చూసుకో,” అన్నాడు. ఆమె మొహం చూసి, కుళ్ళా అని నవ్వాడు కూడా. అబ్బే, నాకెందుకు కుళ్ళు అంది లోకేశ్వరి. ఇంటిపట్టున కూర్చుని తినే యోగం ఎంతమందికుండాదని అత్త మునిరత్నమ్మ సంబరపడింది.

ఇప్పుడు ఆమె కుళ్ళంతా మహితను వదిలి ఆ గొంతు మీద పడింది. దానికి పొయ్యి లేదు, అత్త లేదు, అంట్లు లేవు. ఏం మహరాజయోగమే నీది అనుకుంది. తను పుట్టించిన గొంతు తన చోట్లో దర్జాగా కూర్చుంటే, తను పైన చెమటలు కక్కుతోంది.

అంతలో కిందినుంచి లాడ్జిలో గదులు ఊడ్చే అక్కమ్మ గొంతు వినిపించింది. ఆమెకు ఏదీ ఒక్కసారికి పట్టుబడదు. మధ్యలో ఆపి అడగడం అలవాటు. ఆ అలవాటుతోనే అడిగేసింది.

“అక్కా, నాకు తెలియలా. ఇంగోసారి చెప్పు.”

“వెరీ గుడ్, నెక్స్ట్,” అంది లోకేశ్వరి గొంతు.

క్లాసంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వు కోసమే కదా నెల రోజులుగా కుళ్ళిపోయింది, వచ్చింది చూడు ఎట్లా వచ్చిందో. ఆ తర్వాత అక్కమ్మ గొంతు మళ్ళీ వినిపించలేదు.

లోకేశ్వరి స్టవ్ ఆపేసింది. ముద్దలు చేయకుండా యాడికి పోతావని అత్త అడుగుతున్నా ఆగకుండా మెట్లు దిగింది. స్పీకరు కట్టేసి, బల్ల మీది ఫోన్ తీసుకుని, రికార్డింగు మొత్తం చెరిపేసింది. మహిత కంగారుగా లేచి నిలబడింది. దగ్గరగా చూస్తే ఆ పిల్ల ఇంకా చక్కగా ఉంది. లోకేశ్వరి కడుపుమంట ఏమాత్రం తగ్గలేదు. దాన్ని అట్లాగే ఉంచుకుని అక్కమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. ఎక్కడ తెలియలేదో చెప్పమని అడిగింది.

ధనశేఖర్ గుమ్మంలోకి వచ్చాడు. జరిగింది కనుక్కుని, మహితను చూసి ఓర్వలేకనే ఇదంతా అన్నాడు. “నీకు కుళ్ళు,” అన్నాడు అందరూ వింటుండగా.

ఆమె లేచి నిలబడింది. ఈసారి అబ్బే అనలేదు.

“అవును, కుళ్ళే. నా పని ఎవురు లాక్కున్నా నాకు కుళ్ళే. అది నా గొంతైనా సరే.”