అరవై మూడు ఇళ్ళకు ఒకే నంబరు

నా ఫోన్ నంబరు తిరుత్తణిలో మా వీధి పిల్లలకు కూడా నోటికొచ్చు. గొప్పకు చెప్పుకోవడం లేదు. ముప్పయ్యేళ్ళుగా ఇన్సూరెన్స్ ఏజెంటును. ప్రతి జనవరిలో నా పేరూ నంబరూ అచ్చేయించిన కాలెండర్లు మోసుకెళ్ళి, ఇంటింటా నేనే మేకుకు తగిలించి వస్తాను. పాలసీ ఫారంలో ఫోన్ నంబరు రాయాల్సిన చోట కూడా నా నంబరే రాసేవాణ్ణి. ఈమెయిలూ నాదే. ఎవరూ కాదనలేదు. మావాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది తమిళం, కంపెనీ పంపేది ఇంగ్లీషు.

"నీ నెంబరే ఏసుకో మామా, ఆ మెసేజిలు మాకెందుకు" అనేవాళ్ళు.

అలా అరవై మూడు కుటుంబాలకు ఒకే నంబరైంది. దాన్ని నేను సేవ అనుకున్నాను. ఎవరైనా మెచ్చుకుంటే మొహమాటం కూడా పడేవాణ్ణి.

మా కొండమీది గుడిలో ఆడికృత్తిక పండగ రద్దీ తగ్గిన వారంలో ఒక సోమవారం పొద్దున నా ఫోనుకు అరవై మూడు మెయిళ్ళు వచ్చాయి. అన్నింటిలో ఒకటే మాట. కంపెనీ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారట, కొంత సమాచారం బయటికి పోయి ఉండొచ్చట, విచారిస్తున్నారట. మధ్యాహ్నానికి మా ఏజెంట్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లింకు పెట్టారు. అందులో ఫోన్ నంబరు కొడితే ఆ నంబరు మీదున్న కాగితాలన్నీ వస్తాయని కింద రాశారు.

కొట్టాను. ముందు నా ఫారం వచ్చింది, నా ఆధార్ వచ్చింది. దాని కింద మా వీధి పెరుమాళ్‌ది, దాని కింద యువరాణిది, ఇంకా కిందికి, ఇంకా కిందికి. నా కాగితాలు చూసుకోగానే ఆపాల్సింది. ఆపలేదు. పెరుమాళ్ కిడ్నీ రిపోర్టు చదివాను. యువరాణికి ఎన్నిసార్లు కడుపు పోయిందో చదివాను. తప్పని తెలుస్తూనే ఉంది, వేలు మాత్రం కిందికే పోయింది. ఆ వరసలో మా కాంచన వచ్చింది.

కాంచన మా అక్క కూతురు. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచరు. నా మనవరాలు ధాత్రి ఆమె క్లాసులోనే చదువుతుంది. రోజూ పొద్దున ఆమె చెయ్యి పట్టుకునే రైలెక్కి పోతుంది. ఆరేళ్ళ కిందట తన బిడ్డ నిత్య పుట్టినప్పుడు కాంచన మద్రాసు ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులుంది. బాలింత జ్వరమన్నారు. ఆస్పత్రివాళ్ళే నేరుగా కంపెనీ దగ్గర డబ్బు తీసుకున్నారు కాబట్టి కాగితాలు నా చేతికి రాలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మూడు పేజీలూ నా చేతిలో ఉన్నాయి. మానసిక వైద్య విభాగం అని ఉంది. రెండో పేజీలో, బిడ్డకు తన చేత్తో హాని చేస్తానేమోనని తల్లికి పదే పదే ఆలోచనలు వస్తున్నాయని రాసుంది. మూడో పేజీలో పూర్తిగా కోలుకుందని, మందులు ఆపేశామని, ప్రసవమయ్యాక కొందరికి ఇలా వస్తుందని కూడా ఉంది. నా కళ్ళు రెండో పేజీ దగ్గరే ఆగిపోయాయి.

మరుసటి పొద్దున మా అమ్మాయి మంజుతో ధాత్రిని కొన్నాళ్ళు స్కూలుకు పంపొద్దన్నాను. పాప నలతగా ఉందన్నాను. నిక్షేపంలాంటి పిల్ల, పొద్దున్నే మూడు ఇడ్లీలు తిని నా ముందే గెంతుతోంది. మంజు వింతగా చూసింది గానీ నాన్న మాట కదా, ఊరుకుంది. స్టేషన్ దగ్గర కాంచన ఎదురైంది.

"ధాత్రి యాడ మామా?"

"జొరం వచ్చిందమ్మా. నాలుగు దినాలు పోనీ."

"అయ్యో. రవ్వంత మిరియాల కషాయం ఇయ్యమను" అంది.

ఆ రోజునుంచి నాకు భయం పట్టుకుంది. రైల్లో ఎవరు ఫోను చూసుకుంటున్నా, నా నంబరే కొడుతున్నారనిపించేది. ఏ ఇంటికి వెళ్ళినా గోడమీద నా కాలెండరు, దానిమీద లావు అక్షరాల్లో ఆ పది అంకెలు. అందరి గుట్టూ విప్పే తాళంచెవిని అందరి ఇళ్ళల్లో నేనే వేలాడదీసి వచ్చాను. పోనీ, అందరినీ పిలిచి జాగ్రత్త చెబుదామా? చెబితే ముందు చేసే పని ఆ నంబరు కొట్టడమే. అదీ తమది చూసుకోవడానికి కాదు, పక్కింటివాళ్ళది చూడటానికి. నాకెలా తెలుసంటే, నేనూ అదే చేశాను కాబట్టి.

పదో రోజు నా ఫోనుకు ఎవడో కాల్ చేశాడు. "కాంచన మేడం ఉన్నారా? నరాల బలహీనతకీ, మనసు బాగోలేకపోవడానికీ మా దగ్గర మంచి మూలికా లేహ్యం ఉంది సార్" అన్నాడు. తమిళంలో, ఎంతో మర్యాదగా. ఫోను పెట్టేశాను. ఇక దాచడం నావల్ల కాలేదు. సాయంత్రం కాంచన రైలు దిగేవేళకు ప్లాట్‌ఫాం మీద నిలబడి విషయం చెప్పేశాను. సగమే చెప్పాను.

ఆమె బెంచీ మీద కూలబడింది.

"ఎవరెవరు చూసినారు మామా?"

"ఎవురూ చూళ్ళేదమ్మా."

"స్కూల్లో తెలిస్తే నన్ను ఒక్క దినం ఉంచరు. పిల్లల్ని దీని చేతికా ఇచ్చింది అంటారు. నా కత మా ఇంటాయనకు తెలుసు, అమ్మకు తెలుసు. ఇంకెవురికీ తెలీదు. ఆ పిల్లలు లేకుంటే నేను ఏమైపోతానో నాకే తెలీదు మామా." బ్యాగును ఒళ్ళోకి లాక్కుంది. "నువ్విచ్చిన కాలెండరు మా స్టాఫ్ రూములో నేనే తగిలించినాను."

శనివారం ఇద్దరం తిరువళ్ళూరు కోర్టు దగ్గర వకీలు ఆరోగ్యమేరి ఆఫీసుకు పోయాం. ఆమె మా వైపు తెలుగావిడే. కాగితాలు చూసింది. కాంచన ముఖం చూసి ఫ్యాను వేగం పెంచింది.

"ఇయ్యాళే సైబర్ క్రైం పోర్టల్లో కంప్లైంటు పెట్టండి. ఆ లింకు తీయించేదానికి. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు లెటరు రాస్తాను. ఏమేమి పోయింది, ఇప్పుడు ఏం చేస్తా ఉండారు, జవాబు చెప్పమందాం. కొత్త డేటా చట్టం వచ్చింది గానీ మన హక్కులు పూర్తిగా అమలుకు రావాలంటే ఇంకా టైముండాది. అందులో జరిమానా ఏసినా సర్కారుకే పోతాది, మీకు రాదు. మీకు న్యాయం కావాలంటే ఈ ఊళ్ళోనే జిల్లా కన్స్యూమర్ కమిషన్ ఉండాది. ప్రీమియం కట్టించుకొని కాగితాలు కాపాడలేదు, అది సేవాలోపం. రెండేండ్ల లోపల ఎయ్యాల."

"నా పేరు వస్తాదా మేడం?" అంది కాంచన.

"కేసుల లిస్టులో వస్తాది. దాచమని అర్జీ పెడతాం. ఒప్పుకుంటారని మాత్రం మాట ఇయ్యలేను."

"నా పేరుతో ఎయ్యండమ్మా" అన్నాను. "నాదీ పోయింది కదా."

"మీది మీరు ఎయ్యొచ్చయ్యా. ఆమెది ఆమే ఎయ్యాల." ఆరోగ్యమేరి పెన్ను తెరిచి కాంచనవైపు తిరిగింది. "ఇంకొకటి. లీకయింది, భయమైతా ఉండాది అంటే చాలదు. ఎవరు చూసినారు, మీకు ఏం నష్టమొచ్చింది అని కంపెనీ వకీలు అడుగుతాడు. స్కూల్లో ఎవరైనా మీతో మాట తీరు మార్చినారా? ఎవరైనా పిల్లని మీ క్లాసులో నుంచి తీసేసినారా?"

"లేదు మేడం. ఎవరూ చూళ్ళేదంట." ప్లాట్‌ఫాం మీద ఆ సాయంత్రం తర్వాత మొదటిసారి కాంచన ముఖంలో కాస్త వెలుగు కనిపించింది. "నష్టం లేకపోతే వద్దులే మామా. ఆ లింకు ఒకటి తీయించుకుందాం. పేరెందుకు బయట ఏసుకోవడం?" అని బ్యాగు భుజాన తగిలించుకుంది.

నేను నోరు మూసుకుని ఉంటే చాలు. ఇద్దరం లేచి టీ తాగి రైలెక్కేవాళ్ళం. సోమవారం ధాత్రికి జ్వరం తగ్గిందని చెప్పేవాణ్ణి. లోకంలో అంతకంటే సులువైన పని లేదు. కానీ ఆ కాగితాలు అక్కడే ఉంటాయి, వచ్చే వారమో వచ్చే ఏడో ఇంకెవరో రెండో పేజీ దగ్గర ఆగిపోతారు. వాళ్ళు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు.

"రాసుకోండమ్మా" అన్నాను. "చూసినవాడు ఒకడుండాడు. చూసి, వాళ్ళ మనవరాలిని ఈమె క్లాసుకు పంపకుండా ఆపేసినాడు. పన్నెండు దినాలయింది."

"పేరు?"

"జయరామ."

కాంచన బ్యాగు ఇంకా భుజానే ఉంది. నేను తల ఎత్తలేదు.

"ధాత్రికి జొరమన్నావే."

"లేదమ్మా."

"నన్ను చూసి భయపడినావా మామా?"

అవునన్నాను. అబద్ధం చెప్పడానికి ఇక ఓపిక లేదు. సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది.

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "స్కూలోళ్ళకు భయపడినాను. దారిలో పోయే ప్రతి ఒక్కరికీ భయపడినాను" అంది మెల్లగా. "నీకు భయపడాలని తెలీలేదు నాకు." కాసేపు తన చేతులవైపు చూసుకుంది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, వకీలమ్మ చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది. లేచి, నాకోసం చూడకుండా స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

నా వాంగ్మూలం టైపు చేసేదాకా నేను అక్కడే కూర్చున్నాను. వకీలమ్మ కాగితం నా ముందు పెట్టి, చదువుకుని సంతకం చెయ్యమంది. జరిగిన నష్టం అని రాసిన చోట నా పేరుంది. రెండుసార్లు చదివి సంతకం చేశాను.