తాత మూర, నాన్న మూర

పెద్ద వంతెన మీదుగా నీళ్ళు పొర్లిన వరద ఒకటి వచ్చిందే, దాని మరుసటి ఏడు జరిగింది ఇది.

ఆ వరదకు మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు మూడు రోజులు నిలిచాయి. మంచం తేలింది. బట్టల పెట్టె తేలింది. మనవరాలి ల్యాప్‌టాప్ తేలలేదు. నీళ్ళు తీశాక దాన్ని ఎండబెట్టి విప్పించింది. బురద బయటికి వచ్చింది గాని, రెండేళ్ళుగా అందులో గీసి పెట్టుకున్న ఇళ్ళ ప్లాన్లు రాలేదు.

మనవరాలంటే నా కొడుకు కూతురు. ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆఫీసులో పని. ఆఫీసు మా వీధి చివరే కాబట్టి నా దగ్గరే ఉంటుంది. ఏడాది తర్వాత ఒక రోజు పల్చటి ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతయ్యా, ఇది మునిగినా ఫరవాలేదు."

"ఏం?"

"ఇందులో ఏమీ ఉండదు. రాసిందంతా నెట్‌లోకి పోతుంది. ఎక్కడో దూరాన భద్రంగా ఉంటుంది. పది రోజులు వాడి చూసి, ఉంచుకోవాలో తిరిగి ఇచ్చెయ్యాలో చెప్పమన్నారు మా ఇంజినీరు సారు."

చేతిలోకి తీసుకున్నాను. నా తాపీ సంచి కన్నా తేలిక. లోపల ఏమీ లేనిది తేలిగ్గా కాక బరువుగా ఉంటుందా అనుకున్నాను.

నేను తాపీ మేస్త్రీని. మా నాన్నా మేస్త్రీయే, తాతా మేస్త్రీయే. బడికి నేను మూడేళ్ళు వెళ్ళాను. వాళ్ళిద్దరూ ఆ మాత్రం కూడా వెళ్ళలేదు. అందుకని కట్టిన ప్రతి ఇంటి పునాది లోతునూ తాత పురికొసకు ముడులేసి దాచేవాడు. మూరకొక ముడి. ఆ కొసను మా వెనక గది గోడకు మేకు కొట్టి వేలాడదీసేవాడు. మేకులు ఊరి వీధుల వరసలోనే ఉంటాయి. గోడ ముందు నిలబడితే ఊరి ముందు నిలబడ్డట్టే. తాత కొసల చివర చిన్న ఇటుక ముక్క ఉంటుంది. నాన్న కొసల చివర ఇనుప వాషరు. నావాటికి చొక్కా గుండీ.

వరదకు కింది వరసలన్నీ నానాయి. ఎండాక బూజు పట్టాయి. ఇప్పుడు ముట్టుకుంటే తెగుతున్నాయి.

వరద తర్వాత ఊళ్ళో అందరికీ ఒకటే ధ్యాస, పైన ఒక గది వేసుకోవాలని. నీళ్ళు అందని చోట సామాను పెట్టుకోవాలని. పునాది ఎంతుందో తెలియకుండా ఇంజినీరు సంతకం పెట్టడు. అందుకని మనవరాలు ఒక ఉపాయం చెప్పింది.

"ఈ పది రోజుల్లో నీ తాళ్ళన్నీ ఇందులోకి ఎక్కించేద్దాం తాతయ్యా. దీన్ని పరీక్షించినట్టూ ఉంటుంది, తాళ్ళు కుళ్ళిపోయినా భయం ఉండదు. టైపు చెయ్యక్కర్లేదు. నువ్వు మాట్లాడితే అదే రాస్తుంది."

నన్ను దాని ముందు కూర్చోబెట్టింది. కూర్చున్నాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. కాసేపటికి దగ్గాను. దగ్గు రాయలేదు. మర్యాద తెలిసినదే.

"అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఏం రాస్తుంది? నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?" అంది మనవరాలు.

నేను తాళ్ళ వైపు చూపించాను. పిల్ల నెత్తి కొట్టుకుని, తనే టైపు చెయ్యడానికి కూర్చుంది. నేను మేకు మేకు దగ్గరా నిలబడి అంకె చెబితే చాలట. మొదటి రోజు టేపు తెచ్చి, "చెయ్యి చాపు," అంది. చాపాను. మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి, "పద్దెనిమిది అంగుళాలు," అనుకుంది. ఎందుకని నేను అడగలేదు.

నా నోరు ఇలా మూతపడటానికి కారణం మా తాత. రసమట్టం ఎలా చూడాలో ఆయనే నేర్పాడు. అది గాజు గొట్టంలో బుడగ ఉండే బద్ద. గోడ మీద పెడితే బుడగ నడిమికి రావాలి. "చూసేటప్పుడు నోరు ముయ్యి. నీ ఊపిరికి బుడగ కదిలిపోతుంది," అనేవాడు. ఊపిరికి కదలదని తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది. అప్పటికే నోరు మూసుకోవడం అలవాటైపోయింది. ఇంకో మాట కూడా చెప్పేవాడు. "దాన్ని ఒకసారి చూసి నమ్మకు. ఎత్తి, కుడి కొస ఎడమకు వచ్చేట్టు తిప్పి మళ్ళీ పెట్టు. అప్పుడూ అదే చెబితే మట్టం మంచిది."

నాన్న వేరు. ఆయన పొట్టి. ఊళ్ళో అందరూ పొట్టి మేస్త్రీ అనే పిలిచేవారు. గోతిలో దిగి కొలిస్తే వీధి చివరకు వినపడేట్టు అరిచేవాడు. "మూడూ!" అనేవాడు. గట్టు మీదున్న నేను, "మూడు, నీ చెయ్యి!" అని తిరిగి అరవాలి. అరవకపోతే మట్టిబెడ్డ వచ్చి తగిలేది. ఎవరి చేత్తో కొలిచారో కూడా చెప్పాలని ఆయన పట్టు. నాన్న పోయాక అలా అరవడానికి నాకు సిగ్గేసింది. తాత చెప్పింది పట్టుకున్నాను, నాన్న చెప్పింది జారవిడిచాను.

తొమ్మిది రోజుల్లో గోడంతా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది. ఆరో రోజున పక్క వీధి టైలరమ్మ వచ్చి కూర్చుంది. వరదలో ఆవిడ కుట్టుమిషన్లు నాలుగూ మునిగి తుప్పు పట్టాయి. అప్పో సప్పో చేసి బాగు చేయించుకుంది. మళ్ళీ వరద వచ్చే లోపు పైన ఇటుక గది కట్టి మిషన్లను అక్కడికి ఎక్కించాలని ఆవిడ ఆత్రం. నేను ఆవిడ ఇంటి కొస పట్టుకుని "మూడు," అన్నాను. మనవరాలు చూసి, "నాలుగున్నర అడుగులు. పైన ఇటుక గదికి సరిగ్గా సరిపోతుంది అత్తా," అంది. టైలరమ్మ ఎగిరి గంతేసింది. ఇటుకలకు చెప్పేసింది. ఈ మాటలు జరిగేటప్పుడు నేను నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాను.

తొమ్మిదో రోజు పొద్దున, "రేపు చెప్పాలి. ఉంచుకోమంటావా, ఇచ్చెయ్యమంటావా?" అని అడిగింది మనవరాలు.

"తిప్పి చూశావా?"

"ఏంటి తిప్పేది?"

"దీన్ని మూసెయ్యి. ఇది లేకుండా వేరే చోట చూపించు."

అది అర్థం చేసుకుంది. మా రక్తమే కదా. ల్యాప్‌టాప్ మూసి మంచం మీద పెట్టి, ఇద్దరం నడుచుకుంటూ జిరాక్స్ షాపుకు వెళ్ళాం. షాపాయనకు ముక్కు చివర కళ్ళజోడు ఉంటుంది. పెదవుల వరకు వచ్చిన మాట ఏదీ ఆగదు.

"ఏంటి పెద్దాయనా, నువ్వూ నెట్‌లోకి దిగావా? ఇంకేం, రేపు గోడలు కూడా అక్కడే కడతావు," అన్నాడు.

మనవరాలు ఆయన పాత కంప్యూటర్‌లో ఏదో నొక్కింది. మా గోడ అక్కడ కనపడింది. వీధి వీధీ, మేకు మేకూ. ఇంట్లో మూసి పెట్టిన దానిలో ఎలా ఉందో అలాగే. తాత బతికి ఉంటే తల ఊపేవాడు. నేనూ ఊపాను.

కళ్ళజోడాయన ఊరుకుంటాడా? వంగి పైకి చదవడం మొదలుపెట్టాడు. "బేకరీ వాళ్ళిల్లు, నాలుగు మూరలు, ఆరడుగులు. ఓహో! టైలరమ్మ ఇల్లు, మూడు మూరలు, నాలుగున్నర అడుగులు..."

ఆ అడుగుల లెక్క నా చెవిన పడటం అదే మొదలు.

టైలరమ్మ ఇల్లు నాన్న కట్టింది. ఆ గోతి పక్కన నేనున్నాను. పనయ్యాక నాన్న గోతిలోంచి పైకి రాకుండానే, రెండు మోచేతులూ గట్టు మీద ఆనించి, గ్లాసు పట్టుకుని టీ తాగాడు. నాకు ఇప్పటికీ కనపడుతోంది. నాలుగున్నర అడుగుల గోతిలో నిలబడితే మా నాన్నకు గట్టు గడ్డం దాకా వస్తుంది. మోచేతులు ఆనవు.

చెయ్యెత్తి షాపాయన చదువును ఆపాను.

"అది తప్పు," అన్నాను.

"ఏది తాతయ్యా? ఇంట్లో ఉన్నదే ఇక్కడా ఉంది."

"అదే తప్పు. ఇంట్లోనూ తప్పే. ఇంటికి పద."

ఇంటికి వచ్చి తాపీ సంచి అడుగున చెయ్యి పెట్టి, మూడు వెదురుబద్దలు తీసి నేల మీద పక్కపక్కన పరిచాను. మా ఇంట్లో తాపీ పట్టిన రోజున ఎవరి మూర వాళ్ళు కోసుకోవాలి. మోచేతి నుంచి వేలి కొస దాకా. బతికున్నంత కాలం దానితోనే కొలవాలి. తాత ఆరడుగుల పైన ఉండేవాడు, ఆయన బద్ద అన్నిటికన్నా పొడవు. నాన్నది పొట్టి బద్ద. నాది నడిమిది.

మనవరాలు టేపు పెట్టింది. ఇరవై. పదహారు. పద్దెనిమిది.

అలాగే గొంతుక్కూచుని నా మొహం కేసి చూసింది.

"మూడు రకాల మూరలున్నాయా తాతయ్యా?"

"ఆఁ."

"తొమ్మిది రోజులు నా పక్కనే నిలబడ్డావు. ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగలేదు."

"ఉన్నాయని తెలిస్తే కదా అడగడానికి! నేనేమో నీ చెయ్యి కొలిచి అన్నిటికీ అదే వేశాను. అత్త ఇల్లు నాలుగడుగులే. పైన ఇటుక గది వేస్తే..." అంటూ ఆగిపోయింది.

పైన ఇటుక గది వేస్తే ఆ మెత్తటి నేలలో గోడ కుంగుతుంది. నాకు తల కొట్టేసినట్టయింది. యంత్రం నేను చెప్పింది చెప్పినట్టు రెండు చోట్లా చూపించింది. మట్టం మంచిదే. పెట్టినవాడే సగం మాట మింగేశాడు.

చెప్పులేసుకుని టైలరమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఇటుకలు దిగుతున్నాయి.

"దింపకండి," అన్నాను.

టైలరమ్మ మెడలో టేపుతో బయటికి వచ్చింది. "ఏంటి బాబాయ్, నువ్వే వచ్చి నువ్వే మాట్లాడుతున్నావ్? ఇవాళ వాన ఖాయం."

"నీ పునాది నాలుగడుగులే. నేను సగం చెప్పి ఊరుకున్నాను. తప్పు నాది, పిల్లది కాదు. ఇటుక గది వద్దు."

ఆవిడ మొహం వాడిపోయింది. "అయితే నా మిషన్లు?"

"ముందు తవ్వి చూద్దాం."

నా కొడుకు రంగులేసే పనిలో ఉంటే పిలిపించాను. ఇంకో మనిషిని తోడు తెచ్చుకుని, ఇంటి మూల దగ్గర పునాది అడుగు దాకా తవ్వాడు. మనవరాలు టేపు వదిలింది. నాలుగడుగులు. నేను నాన్న బద్ద పట్టుకుని గోతిలో దిగాను. ఒకటి, రెండు, మూడు. చివరి బద్ద నేలతో సమంగా ఆగింది. యాభై ఏళ్ళ కిందటి మనిషి, వెంట్రుకవాసి తేడా లేదు.

ఇంజినీరు కూడా వచ్చి చూశాడు. "రేకుల గది అయితే ఈ పునాది నిక్షేపంలా మోస్తుంది. నాలుగు మిషన్లూ పెట్టుకోవచ్చు," అన్నాడు.

"రేకుల కింద ఎండాకాలం నేను ఉడికిపోనూ?" అంది టైలరమ్మ.

"రెండు వైపులా కిటికీలు పెడతాను. గాలి ఇటు వచ్చి అటు పోతుంది. పైన ఇంకో వరస తడికలు వేస్తాను, వేడి దిగదు. మెట్లు నీ మోకాళ్ళకు తగ్గట్టు పొట్టిగా కడతాను," అన్నాను.

అందరూ నా వైపే చూశారు. నా కొడుకైతే చేతిలో పార అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మో, బాబాయ్ దగ్గర ఇన్ని మాటలున్నాయా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అంది టైలరమ్మ. నవ్వింది. నవ్వాక ఇటుకల వాళ్ళను వెనక్కి పంపింది.

తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు నా చెయ్యి పట్టుకుని నడిచింది. "ఉంచుకుంటామని చెప్పెయ్యనా?" అని అడిగింది.

"ఉంచుకో. కాని మొత్తం మళ్ళీ చెప్పాలి."

"చెప్పేదెవరు?"

నేను నాన్న బద్దను చంకలో పెట్టుకుని నడక పెంచాను.

మర్నాడు పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, వెనక గదిలో ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. ల్యాప్‌టాప్ మూత తీశాను. మాట వినే గుర్తు మీద, మనవరాలు చూపించినట్టే, ఒక్కసారి నొక్కాను. మూడు బద్దలూ ఒళ్ళో పెట్టుకుని, వాషరున్న కొస ఒకటి అందుకుని, గోతిలోంచి గట్టు మీదకు అరిచినట్టు అరిచాను.

"టైలరమ్మ ఇల్లు! మూడూ! నాన్న చెయ్యి!"

తెర మీద అక్షరాలు ఒకటొకటే వచ్చాయి. పెరట్లో పళ్ళు తోముకుంటున్న మనవరాలు, నోటి నిండా నురగతోనే, తిరిగి అరిచింది.

"మూడు, నాన్న చెయ్యి!"

నేను రెండో కొస అందుకున్నాను.