ఉడకబెట్టిన గొంగడి

రావల్కోల్‌లో మంద ఉన్న ఇళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మేతబీళ్లన్నీ ప్లాట్లయ్యాయి, గొర్లన్నీ సంతకెళ్లాయి. సత్తమ్మ మాత్రం మందను అమ్మనంది. మొగుడు సిద్దిరాములు మేడ్చల్ రోడ్డు మీద గొర్లను దాటిస్తూ లారీ కింద పడి చనిపోయిన తర్వాత కులపెద్దలు వచ్చి "ఆడిదానివి, గొర్లెట్ల కాస్తవ్?" అని అడిగారు. "నా కాళ్లతోని కాస్త" అంది. ఆ మాటను ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, కొందరు మెచ్చుకుంటూ, ఎక్కువమంది మూతి తిప్పుకుంటూ.

ఆమె మందకు సగం బలం బొట్టుగాడు. నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లకుక్క. గుప్పెడంత పిల్లను తెచ్చి సిద్దిరాములే పాలుపోసి పెంచాడు. వాడు ముందు నడిస్తే గొర్లు వెనక్కి చూడవు. అలాంటివాడు ఎండాకాలం మొదట్లో గంజి ముట్టడం మానేశాడు. ఒళ్లు పెనంలా కాలింది. నాలుగడుగులు వేస్తే తూలిపడ్డాడు. చివరికి ముక్కులోంచి నెత్తురు కారింది.

పక్కింటి బుచ్చమ్మ దడి మీదుగా చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో, గిది పిచ్చిలేసిన కుక్కనే! సంపుండ్రి. లేకుంటె శామీర్‌పేట అడివిల ఇడిసిపెట్టి రాండ్రి!"

"పిచ్చి నీ నోటికి లేసింది. ముందుగాల దానికి సూది ఏపిచ్చుకో" అని సత్తమ్మ కుక్కను ఎత్తి ఆటోలో వేసుకుంది.

మేడ్చల్ పశువుల దవాఖానలో డాక్టర్ వర్ష కుక్క పెదవి ఎత్తి చూపించింది. చిగుళ్లకు సున్నం కొట్టినట్టుంది. చెవి మడత తిప్పితే గోమార్లు, నెత్తురు తాగి ఆముదపు గింజల్లా ఉబ్బి ఉన్నాయి. ఆమె నెత్తురు తీసి పరీక్ష చేయించింది.

"పిచ్చి కాదమ్మా, ఇది గోమార్లతో వచ్చే జ్వరం. ఇవి కుట్టినప్పుడు రోగం నెత్తుర్లకు పోతది. గోళీలు నెలంతా వెయ్యాలె, తగ్గిందని మధ్యల ఆపొద్దు. ఇంకో మాట. కుక్క మీద కనపడేవి కొన్నే. మిగిలినవి గోడ సందుల్ల, అది పండుకునే బట్టల్ల దాక్కుంటయి. గుడ్లు అక్కడనే పెడతయి. వాటి సంగతి చూడకుంటే మళ్లీ ఎక్కుతయి. మళ్లీ జ్వరమొస్తే తట్టుకునేంత నెత్తురు దీని ఒంట్ల లేదు."

ఇంటికొచ్చేసరికి మామ కుర్మయ్య బకెట్టు ముందు పెట్టుకుని చేనుకు కొట్టే పురుగుమందు కలపబోతున్నాడు. ఊళ్లో అందరూ చేసే పనే. "ఒళ్లంత పూస్తె గోమార్లు మాడి సస్తయి" అన్నాడు.

"ఒళ్లు నాక్కుంట కుక్క గూడ సస్తది మామా" అని సీసా లాక్కుని దూలం మీద పెట్టేసింది. దవాఖానలో ఇచ్చిన మందే కుక్క మెడ మీద పోసింది. గోడ సందులన్నీ మట్టితో పూడ్చి సున్నం కొట్టింది. కుక్క పండుకునే గోనెసంచులు కాల్చేసింది. గోళీలు సంకటిముద్దలో పెట్టి మింగించింది. బొట్టుగాడు లేచాడు, బుచ్చమ్మ కోడిని తరిమాడు కూడా. ఆ కోడి కోసం బుచ్చమ్మ తిట్టిన తిట్లు సత్తమ్మకు మంగళహారతిలా వినిపించాయి.

గోళీలు అయిపోయిన కొన్నాళ్లకే వాడి చెవిలో మళ్లీ ఆముదపు గింజలు. మళ్లీ జ్వరం, మళ్లీ తెల్ల చిగుళ్లు. డాక్టరమ్మ మళ్లీ మందిచ్చింది కానీ ఈసారి ధైర్యం చెప్పలేదు. సత్తమ్మకు ఒళ్లు మండింది. ఎక్కడినుంచి వస్తున్నాయి ఇవి, ఆకాశం నుంచి రాలుతున్నాయా?

ఆ సాయంత్రం గొర్లను తొందరగా దొడ్డికి తోలుకొచ్చేసరికి కారణం కంటపడింది. కుర్మయ్య గోడ కొయ్యకు వేలాడే సిద్దిరాములు గొంగడిని తీసి మూలన పరుస్తున్నాడు. బొట్టుగాడు దాంట్లో ముక్కు దూర్చి పడుకున్నాడు. "పండు బిడ్డా, మీ నాయిన గొంగడే" అని ముసలాయన వాడి తల నిమురుతున్నాడు. ఆమె వంటపొయ్యి దగ్గరున్నప్పుడు రోజూ జరుగుతున్న పనే అది. పొద్దున్నే దులపకుండా కొయ్యకు తగిలిస్తున్నాడు. సత్తమ్మకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. గొంగడి అంచు తిప్పి చూసింది. కుట్టు పొడవునా గోమార్లే.

ఆ ఇంట్లో పోయినవాడి గొంగడిని నీళ్లలో ముంచరు. బీరప్ప పండుగకు దాన్నే పరిచి దేవుణ్ణి కూర్చోబెడతారు. తాతలనాటి ఆచారం. అందుకే మరునాడు పొద్దున సత్తమ్మ పెద్ద కాగుకింద మంట పెడితే కుర్మయ్య పొయ్యికి అడ్డంగా కూర్చున్నాడు.

"జరుగు మామా."

"జరుగ. దేవుని బట్ట అది. నన్ను గూడ గా కాగులనే వెయ్యి."

"దేవుడు గోమార్ల మీద కూసుంటడా? గోకుంట వరమిస్తడా?"

దడి అవతల బుచ్చమ్మ, ఆమె వెనక నలుగురు. "మొగని గొంగడి ఉడకబెడుతున్నది సూడుండ్రి!"

కుర్మయ్య గొంగడి కొస పట్టుకున్నాడు. "నా కొడుకు వాసన గీ ఇంట్ల గదొక్కదాంట్లనే మిగిలింది బిడ్డా."

ఆ వాసన కోసం సత్తమ్మ కూడా ఎన్నోసార్లు ఆ కొయ్య దగ్గర నిలబడింది. అంతటి మనిషిని గొంగడిలో వెతుక్కోవలసి వచ్చింది.

"నాకు మాత్రం లేదా మామా గా వాసన? కానీ వాసన చూసుకుంట ఆయన పెంచిన పానాన్ని సంపుకుందమా? బీరప్పకు కోపమొస్తె నా మీదికి రమ్మను. నేను ఈడనే ఉంట."

ఆయన చేతిలోంచి కొస విడిపించి, పక్కనుంచి గొంగడిని కాగులో వేసింది. కట్టెతో అదిమింది. తేలిన గోమార్లను పొయ్యిలో పోసింది. పిండి, బండకేసి బాది, దడి మీద బుచ్చమ్మ ముఖానికి ఎదురుగా ఆరేసింది. కొయ్య వెనక సందు కూడా పూడ్చేసింది. కుర్మయ్య ఆ పూట గోడవైపు తిరిగి పడుకున్నాడు, బువ్వ తినలేదు.

ఆరిన గొంగడి సగానికి ముడుచుకుపోయి అట్టలా బిగుసుకుంది. మొగవాళ్లెవరూ నిండా కప్పుకోలేరు. కుర్మయ్య దాన్ని ముక్కుకు ఆనించుకున్నాడు. పొయ్యి పొగ తప్ప ఏమీ లేదు. మళ్లీ కొయ్యకు తగిలించాడు.

బొట్టుగాడి చెవుల్లో మళ్లీ గోమారి కనిపించలేదు. నెమ్మదిగా చిగుళ్లకు ఎరుపు తిరిగింది. తొలకరి పడింది. శామీర్‌పేట రైతులు తమ చేలల్లో ఎరువుకోసం మందను పడుకోబెట్టమని కబురు పంపారు. తెల్లారి చినుకుల్లో మంద కదిలింది. కుర్మయ్య కొయ్య మీది గొంగడి తీసి తలమీద వేసుకున్నాడు. అది మోచేతుల దాకా కూడా రాలేదు.

బుచ్చమ్మ పకపకా నవ్వింది. "ఏంది పెద్దయ్యా, గిది గొంగడా, ముక్కు తుడుసుకునే దస్తీనా?"

ముందర బొట్టుగాడు తోక ఎత్తి గొర్లను రోడ్డు దాటిస్తున్నాడు. కుర్మయ్య వాడివైపు చూశాడు, తర్వాత బుచ్చమ్మ వైపు తిరిగాడు.

"నా కోడలు ఉడకబెట్టిన గొంగడి. గోమార్లు గూడ దీని జోలికి రావు. నువ్వు గూడ రాకు."